దీపాలు పెట్టాక తోడు

మా కుటుంబానికి రెండు ప్రయోగశాలలు. మొదటిది మా ఆవిడ వకుళది. కాకినాడ పోర్టు రోడ్డులో మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలో ఉంటుంది, ఢిల్లీ నుంచి నిధులొస్తాయి. రెండోది మా అమ్మ మాణిక్యాంబది. వంటింటి గట్టు మీద ఉంటుంది, పాలవాడి దయ వల్ల నడుస్తుంది. రెంటిలోనూ జరిగే పని ఒకటే. గోరువెచ్చటి దాంట్లో కాస్త పాతది కలపడం, కదపకుండా వదిలెయ్యడం, ఆగలేక మాటిమాటికీ మూత తీసి చూసుకోవడం. నేను కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకునే సోమేశాన్ని. ఆ ఇద్దరి మధ్యా నాకు దక్కిన ఉద్యోగం తల ఊపడం. రెండు వైపులా ఊపుతాను.

ఒక సాయంత్రం మా పక్కింటి ధాత్రి గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. అమ్మ అప్పుడే దేవుడి దగ్గర దీపం పెట్టి లేచింది.

"పిన్నిగారూ, ఒక్క చెంచా తోడు ఇద్దురూ. పెరుగంతా మా పిల్లది ఖాళీ చేసేసిందండి. రేపు పొద్దున్న బాక్సులోకి పెరుగన్నం కట్టాలి."

"అయ్యో, ఇప్పుడా రావడం? దీపం పెట్టేశాను కదమ్మా!"

"ఒక్క చెంచాయేనండి."

"చెంచాయినా చుక్కయినా ఒకటే. దీపాలు పెట్టాక తోడు, ఉప్పు, సూది గుమ్మం దాటకూడదు. వాటి వెనకాలే లక్ష్మి వెళ్ళిపోతుంది. మా అత్తగారు ఏనాడూ ఇవ్వలేదు, నేనూ ఇవ్వను. కావాలంటే సున్నుండలున్నాయి, డబ్బాతో సహా పట్టుకెళ్ళు."

ధాత్రి సున్నుండల డబ్బాతో వెళ్ళిపోయింది. అమ్మ ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు. తెల్లవారగానే కాఫీ కూడా తాగకుండా గిన్నెడు పెరుగు పట్టుకుని వాళ్ళ తలుపు కొట్టింది. మా అమ్మ పిసినారి కాదు. కాని దీపం వెలిగిందంటే ఆమెకూ పెరుగు గిన్నెకూ మధ్య ఓ గీత పడుతుంది, అంతే. వకుళ ఆ గొడవంతా చూసి నవ్వుకుని తన ల్యాబుకి వెళ్ళిపోయింది. అది తన గొడవ కూడా అవుతుందని అప్పటికి ఆమెకు తెలియదు, నాకు అసలే తెలియదు.

ఇంతకీ వకుళ చేస్తున్నదేమిటంటే, ప్రాణమున్న బ్యాటరీ. భూమిని తవ్వి తీసే లోహాలు లేకుండా, చిక్కటి ఆకుపచ్చ ద్రవంలో కంటికి కనిపించని సూక్ష్మజీవుల్ని పెంచి, వాటి ఒంట్లో కరెంటు దాచే విద్య కనిపెట్టింది. ఆ బ్యాటరీ పట్టే చిన్న చిన్న కార్లు కూడా తయారయ్యాయి. నలుగురు కూర్చుంటే అయిదో మనిషి ఊపిరి బయట పీల్చుకోవాలి, అంత చిన్నవి. మూత తీస్తే పుల్లటి మజ్జిగ వాసన వస్తుంది. ఊళ్ళో వాటికి పెరుగు బళ్ళని పేరు పడిపోయింది.

ఇంటి దగ్గర రాత్రంతా మెల్లగా ఛార్జింగ్ పెడితే ఆ జీవులు హాయిగా తిని పడుకునేవి. చిక్కల్లా రోడ్డు మీద వచ్చింది. హైవే ఫాస్ట్ ఛార్జరు తగిలించగానే, కొత్తల్లుడికి వడ్డించినట్టు, వద్దు మొర్రో అంటున్నా విస్తట్లో పడుతూనే ఉంటుంది. ఐసు ఫ్యాక్టరీలో ఆ ప్రయోగం నేను స్వయంగా చూశాను. గాజు తొట్టెలో ద్రవం గిరగిరా తిరిగి, వేడెక్కి, చూస్తూండగానే ఆకుపచ్చ రంగు పోయి బూడిద రంగుకి దిగింది. వకుళ స్విచ్చి ఆపేసి, ఆ తొట్టె మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. "పాపం" అంది. నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా ఆమె అంత మెత్తగా అనలేదు.

అప్పుడు అమ్మ కూడా అక్కడే ఉంది, క్యారేజీ తెచ్చింది. పక్క తొట్టెలో హుషారుగా ఉన్న ద్రవాన్ని ఒక గ్లాసుడు సన్నగొట్టంలోంచి ఇంకో నీరసపు తొట్టెలోకి వదులుతూ వకుళ మళ్ళీ ఛార్జరు వేసింది. ఈసారి రంగు దిగలేదు. కొత్తగా వచ్చినవి పాతవాటికి దారి చూపించినట్టు, మొత్తం తొట్టె నిగనిగలాడుతూ నిండింది.

"ఇంతా చేసి ఇది తోడేగా!" అంది అమ్మ, క్యారేజీ గిన్నెలు విప్పుతూ.

వకుళ కాగితాల మీద దానికి ఓ పెద్ద పేరుండేది, రెండుసార్లు ఊపిరి పీలిస్తే గాని పలకలేం. ఆ రోజు నుంచీ ల్యాబులో అందరూ తోడు అనే అన్నారు. వకుళ కూడా అంది. పేరుతో పాటు వంటింటి రూల్సన్నీ వెనకాలే వస్తాయని ఏ శాస్త్రవేత్త మాత్రం ఊహిస్తుంది?

ఆ తోడుకి ఓ ఖరీదుంది. ఇచ్చిన బండి అలిసిపోతుంది. దాని జీవులు మళ్ళీ పుట్టి పెరిగేదాకా, సుమారు గంటసేపు, అది కదలకూడదు. అంటే ఒకరు తొందరగా వెళ్ళాలంటే మరొకరు అక్కడే ఆగాలి. ఒకరి వేగానికి ఇంకొకరి ఓపిక పెట్టుబడి. వకుళకి దీని గురించే నిద్ర పట్టేది కాదు.

తుని దగ్గర హైవే పక్కన ఇలాంటి బళ్ళకోసం మొదటి పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్ పెట్టారు. ప్రయోగం కోసం చుట్టుపక్కల కుటుంబాలకి కార్లిచ్చారు. ఒకటి అమ్మకీ ఇచ్చారు. అది పసుపు రంగుది, అమ్మ దానికి పనసతొన అని పేరు పెట్టింది. షష్టిపూర్తి చేసుకునే వయసులో డ్రైవింగ్ నేర్చుకుంది. హారన్ కొట్టడం తప్పంటుంది, కిటికీలోంచి తల పెట్టి "బాబూ, కాస్త జరుగు" అంటుంది. విచిత్రమేమిటంటే జరుగుతారు.

ఆ స్టేషన్లో మొదటి రోజులు చూడాల్సిందే. ఎండకి ఛార్జరు తెర మీద అక్షరాలు కనపడవు, పైన చీర కొంగు కప్పుకుని చదవాలి. ఫోన్లో ఓటీపీ వచ్చేలోగా యాప్ అలిగి మూసుకుంటుంది. వైరు పొట్టిది, బండికి అది తగిలించే చోటేమో వెనకవైపు, కాబట్టి అందరూ బండిని వెనక్కి తిప్పి పెట్టడం నేర్చుకున్నారు. పూర్తిగా నిండేదాకా వైరు వదలని వాణ్ణి అందరూ అదోలా చూసేవారు. ఎందుకంటే చివరి కాస్తా ఎక్కడానికే ఎక్కువసేపు పడుతుంది. ఎనభై దాటగానే వైరు తీసి పక్కవాడికివ్వడం పెద్దమనిషితనమని నెలరోజుల్లో అందరికీ వంటబట్టింది.

తోడు విషయంలో మాత్రం ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. తమలపాకుల వ్యాపారి గంగునాయుడు కట్టలు వాడిపోతాయని పరుగున వచ్చేవాడు. బడిపంతులమ్మ మేరీ సువార్త వెంటనే గొట్టం తగిలించి "మీరెళ్ళండి నాయుడుగారూ, నా పరీక్ష పేపర్లు ఇక్కడే దిద్దుకుంటాను" అనేది. మర్నాడు ఆవిడ బడికి ఆలస్యమైతే నాయుడు ఆగేవాడు. ఆగినవాళ్ళకి మజ్జిగ, ఉప్పుశనగలు. ఆ వివరాలన్నీ వకుళ సంబరంగా ఢిల్లీకి పంపింది.

ఢిల్లీ ఆఫీసులో నిధులు చూసే డాక్టర్ పరాంకుశం గారు వీడియోలోంచి కళ్ళజోడు తీసి చూశారు. ఆయనది తెనాలి. ఫ్రేము ఆయన మొహానికి ఒక సైజు పెద్దది, అది నాకు బాధగా ఉండేది.

"బాగానే ఉందమ్మా. కాని ఇది మీ చుట్టాలూ స్నేహితులూ. రేపు ఊరందరి చేతికీ వచ్చాక ఎవరాగుతారు? మనవాళ్ళు రైలు గేటు దగ్గరే ఆగరు."

"ఆగుతున్నారండి, మీరే వచ్చి చూడండి."

"వస్తా. వైజాగ్ ఎయిర్‌పోర్టు నుంచి కాకినాడ దాకా మీ బండిలోనే కూర్చుంటా. మధ్యలో మీ స్టేషన్లో ఫాస్ట్ ఛార్జింగ్ నా కళ్ళ ముందు జరగాలి. జరిగితే ఆ రాత్రికే సంతకం పెట్టి పంపిస్తా, ఫైలుకి ఆ రోజే ఆఖరు గడువు. లేదంటే ఈ నెలాఖరుకి ల్యాబు మూసెయ్యాల్సిందే. నా చేతిలో ఏం లేదు."

మూసెయ్యడమంటే ఆ తొట్టెలన్నీ డ్రైనేజీలో పొయ్యడం. తొమ్మిదేళ్ళు ఆమె పండగ పూటలు కూడా వాటి దగ్గరే గడిపింది. ఆ రాత్రి వకుళ ఏడవలేదు, కాని రొట్టెలు చేస్తానని పిండి కలిపి, ఉప్పు రెండుసార్లు వేసింది. అందరం మంచినీళ్ళు తాగుతూ మొత్తం తినేశాం.

"మంగళవారం పెట్టుకున్నారేమిటే ముహూర్తం?" అంది అమ్మ, రోజు తెలిశాక.

"ముహూర్తం కాదత్తయ్యా, ఆయన ఫ్లైటు."

"ఏదైనా మంగళవారం మంగళవారమేగా" అని అమ్మ గొణిగింది. అయినా, ఆ రోజు పనసతొనని నిండా ఛార్జింగ్ పెట్టుకుని మధ్యాహ్నానికే స్టేషన్ దగ్గర కూర్చుని మేం రాగానే తోడు ఇచ్చే బాధ్యత తనదేనని ప్రకటించింది. చేగోడీల డబ్బా కూడా సర్దుకుంది.

మా బండి తెల్లది, పేరు వెన్నముద్ద. వకుళ నడుపుతోంది, పక్కన పరాంకుశం గారు, వెనక నేనూ ఆయన సూట్‌కేసూ. అంతా సవ్యంగా జరిగితే ఎండ ఉండగానే తుని చేరాలి. కాని అనకాపల్లిలో ఆయన "కాస్త ఆపమ్మా" అన్నారు. వాళ్ళావిడ బెల్లం తెమ్మందట.

నేను జీవితంలో ఎంతోమంది ఫ్రేములు ఎంచుకోవడం చూశాను. అంత నిదానంగా బెల్లం ఎంచుకున్న మనిషిని చూడలేదు. ఒక దిమ్మ ముదురు రంగు, ఒకటి తేమ, ఒకటి ఇసుక తగులుతోందట. గోటితో గీకడం, నాలిక మీద వేసుకోవడం, కళ్ళు మూసుకోవడం. వకుళ స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ ఆకాశం వైపు చూస్తోంది. చివరికి మొదట చూసిన దిమ్మే కొన్నారు.

మేం తుని స్టేషన్లోకి తిరిగేసరికి ఎదురు డాబా వాడు దీపం వెలిగించి దణ్ణం పెట్టుకుంటున్నాడు. వెన్నముద్ద తెర ఎర్రగా మెరుస్తోంది. అంతకంటే దిగిందంటే లోపలి జీవులు ఆకలికి చచ్చిపోవడం మొదలుపెడతాయి.

అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. అటూ ఇటూ మేరీ సువార్త, గంగునాయుడు. అందరి బళ్ళూ నిండుగా ఉన్నాయి. వకుళ చకచకా వైరు తగిలించింది, యాప్ ఎన్నడూ లేనిది ఒక్కసారికే ఒప్పుకుంది. సన్నగొట్టం తీసుకుని పనసతొన వైపు వెళ్ళింది.

అమ్మ దాని మూత మీద చెయ్యి పెట్టింది. "దీపాలు పెట్టేశారే అమ్మాయ్."

వకుళకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. నాకు పట్టలేదు.

"అత్తయ్యా, ఇది బ్యాటరీ అండి!"

"తోడేగా? నువ్వూ అదే అంటావుగా?"

వకుళ గంగునాయుడి వైపు తిరిగింది. ఆయన తల గోక్కున్నాడు. "ఏవనుకోకండి మేడమ్, పగలైతే బండి మొత్తం పిండేసుకోండంటాను. దీపాలెట్టాక మా ఆవిడకి తెలిస్తే గుమ్మంలోకి రానివ్వదండి బాబూ."

"మీరు చెప్పండి టీచర్‌గారూ, మీకీ పట్టింపులుండవు కదా?"

మేరీ సువార్త నేల చూపులు చూసింది. "ప్రార్థన వేరండి, పెరుగు వేరండి. మా అత్తగారు కూడా దీపాలు పెట్టాక ఇవ్వరండి."

నెలల తరబడి వందలాది మంది ఒకరికొకరు గంటలు గంటలు ధారపోశారు. సాయంత్రం పూట ఎవరూ ఎందుకు తోడు ఇవ్వలేదని ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. అందరూ ఒకే రకం ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు, అడక్కూడదని తెలుసు. చీకటి పడకముందే అందరూ ఇళ్ళకి చేరిపోయేవారు. లెక్కలన్నీ పగటి లెక్కలే.

పరాంకుశం గారు బండి దిగి చేతులు కట్టుకున్నారు. "ఏం రాయమంటారమ్మా? లక్ష్మీదేవి అనుమతి లేక ఛార్జింగ్ ఆగిపోయిందని రాయనా?"

వకుళ మొహం చూడలేకపోయాను. నేను అమ్మ దగ్గరికెళ్ళి గొంతు తగ్గించి, "అమ్మా, దాని బతుకే ఇది. ఈ ఒక్కసారికి" అన్నాను.

అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒరే సోమూ, దాని కోసమేరా నేను ఇవ్వనంటున్నది! ఇవాళ అది పడ్డ కష్టం ఒడ్డెక్కే రోజు. మామూలు రోజైతే పోనీ అనుకుందును. ఇవాళ పూట, చేతులారా లక్ష్మిని దాని ముంగిట్లోంచి పంపించెయ్యమంటావా? ఏదన్నా అయితే నేను బతికున్నంత కాలం నా వల్లే అనుకోనూ?"

వకుళ ఆ మాట విన్నది. ఆమె కోపం ఎక్కడికో పోయింది. కాసేపు అత్తగారినీ, చేతిలో గొట్టాన్నీ మార్చి మార్చి చూసింది. మా ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆమె అమ్మ రూల్స్‌ని ఎదిరించింది లేదు, వాటిలో సందులు వెతికింది. ఆ సందులు వెతికే చూపు ఆమె మొహంలోకి వచ్చింది.

"అత్తయ్యా, ఇవ్వకండి" అంది.

"ఆఁ?"

"ఇవ్వద్దు. మార్చుకుందాం. నేను ఒక గిన్నె మీకిస్తాను, మీరొక గిన్నె నాకివ్వండి. దీపాలు పెట్టాక పుచ్చుకుని ఇస్తే తప్పా?"

అమ్మ ఆలోచనలో పడింది. మేరీ సువార్త, గంగునాయుడు ఆమె మొహంలోకే చూస్తున్నారు. సుప్రీంకోర్టులో తీర్పు వినేవాళ్ళలా ఉన్నారు.

"పుచ్చుకుని ఇస్తే..." అంది అమ్మ మెల్లగా. "అది ఇవ్వడం కిందికి రాదే. గుమ్మం దాటిన లక్ష్మి కొంగు సర్దుకునేలోపే వెనక్కొచ్చేస్తుంది. మా అత్తగారు కూడా దీపాలు పెట్టాక ఓసారి చింతపండు పుచ్చుకుని మజ్జిగ ఇచ్చింది, నాకు గుర్తుంది!"

నాయుడు చప్పట్లు కొట్టాడు. వకుళ మాత్రం నవ్వలేదు. డాష్‌బోర్డులోంచి చిన్న పానా తీసింది. అప్పుడు గాని ఆమె ఏం చెయ్యబోతోందో నాకు తెలియలేదు.

ఆ సన్నగొట్టం మధ్యలో ఒక గాజు ముక్క, దాని లోపల ఒక వాల్వు ఉంటాయి. ద్రవం ఇచ్చే బండినుంచి పుచ్చుకునే బండికే పోవాలి, వెనక్కి రాకూడదు. నీరసించిన బండిలోని ద్రవం వెనక్కి పోతే నిండు బండి కూడా పాడవుతుందని మొదటి రోజునుంచీ వకుళ భయం. ల్యాబులో ఎవరైనా ఆ వాల్వు జోలికెళితే ఆమె నోరు చూడాలి. ఇప్పుడు తనే దాన్ని విప్పుతోంది. తప్పయితే ఢిల్లీ ఆయన ఎదుట ఒకటి కాదు, రెండు బళ్ళు చస్తాయి.

"వకూ, చూసుకునే చేస్తున్నావా?" అన్నాను.

"లేదండీ" అంది. "చీకటిగా ఉంది, కాస్త టార్చి పట్టుకోండి."

పట్టుకున్నాను. వాల్వు ఊడి నా అరచేతిలో పడింది, మిరియం గింజంత ఉంది. రెండు బళ్ళకీ గొట్టం తగిలించి వకుళ స్విచ్చి వేసింది.

మొదట వెన్నముద్దలోంచి బూడిద రంగు నీరసం పాకుతూ పనసతొన వైపు వెళ్ళింది. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. పనసతొన తెర మీద అంకె తగ్గింది, ఇంకా తగ్గింది. పరాంకుశం గారు కళ్ళజోడు ముక్కు మీదికి జారినా సర్దుకోలేదు. తరువాత పనసతొన నుంచి ఆకుపచ్చ కదిలింది. గొట్టం మధ్యలో రెండూ కలిసిన చోట గాజులోంచి చిన్న చిన్న బుడగలు కనిపించాయి. ఛార్జరు హోరు పెరిగింది. వెన్నముద్ద తెర ఎరుపు పోయి పసుపైంది. పసుపు పోయి ఆకుపచ్చైంది.

పనసతొన అంకె కూడా ఎక్కుతోంది.

"అదేమిటి?" అంది వకుళ. తెర మీద చీర కొంగు కప్పి మళ్ళీ చూసింది, చీకటి పడినా అలవాటు కొద్దీ. "ఇచ్చిన బండి అలిసిపోవాలి కదా! ఇది ఎక్కుతోందేమిటి?"

కింద కూర్చుండిపోయి, తనలో తను మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. ఆకలితో ఉన్నవి చురుకైనవి, కాని తక్కువ ఉన్నాయి. తిని పడుకున్నవి ఎక్కువ ఉన్నాయి, కాని బద్ధకంగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆకలిగా ఉన్నదాని మీదే మొత్తం కరెంటు పోసి, ఊపిరాడనివ్వలేదు. ఇప్పుడు రెండు బళ్ళూ ఆ వడ్డనని పంచుకుంటున్నాయి. ఇచ్చేదొకటి, పుచ్చుకునేదొకటి అని తొమ్మిదేళ్ళు అనుకుంది. ఇస్తూ పుచ్చుకుంటే బరువే లేదు!

వకుళ లేచి మా అమ్మని గట్టిగా వాటేసుకుంది. అమ్మ "ఉండవే, చేగోడీలు నలుగుతాయి" అంటూనే వదల్లేదు. మేమందరం ఒక్కో టీ తాగేసరికి రెండు బళ్ళూ ఎనభై దాటేశాయి. మేరీ సువార్త వెళ్ళి వైరూ గొట్టమూ తీసేసింది. అలవాటైన మర్యాద మరి. పనసతొన గంటసేపు ఆగక్కరలేదు. ఇద్దరూ కలిసి ఓ టీ తాగేంతసేపు ఆగితే ఇద్దరూ కలిసే బయల్దేరొచ్చు.

"ఎవరాగుతారన్నారు కదండీ?" అన్నాడు గంగునాయుడు, పరాంకుశం గారికి చేగోడీలు అందిస్తూ. "టీ తాగడానికి ఆగనోడు మా జిల్లాలో పుట్టలేదండి ఆయ్!"

ఆయన పకపకా నవ్వారు. సంచీలోంచి ట్యాబ్ తీశారు. "కాకినాడ దాకా అక్కర్లేదమ్మా. ఇక్కడే పెట్టేస్తా." తెర మీద సంతకం చోటు తెరిచి వేలు ముందుకు చాపారు. వేలు గాల్లో ఆగిపోయింది.

"ఏమైందండీ?" అంది వకుళ.

ఆయన మొహం కొంచెం ఎర్రబడింది. "ఏం లేదు. ఇవాళ... మంగళవారం కదా. మా ఇంట్లో మంగళవారం కొత్త సంతకాలు పెట్టరు. పన్నెండు దాటాక హోటల్లో పెడదామా అని..."

"అదీ నిజమే! నేను మొదటే చెప్పాను!" అంది అమ్మ, చటుక్కున ఆయన పక్షం చేరిపోయి.

"పన్నెండు దాటితే గడువు అయిపోతుందండీ!" అంది వకుళ. అప్పటిదాకా లక్ష్మీదేవిని ఎగతాళి చేసిన పెద్దమనిషిని ఏమనాలో తెలియక నా వైపు చూసింది. ఆ చూపు మా పెళ్ళయ్యాక నేను చూడని చూపు. ఇవాళైనా తల ఊపడం మాని నోరు విప్పమంటోంది.

విప్పాను. "మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదు, నిజమేనండి. ఇది కొత్త పని ఎలా అవుతుంది? మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. నడుస్తున్న పనిని మంగళవారమని ఆపితేనే దోషం."

"అలాగని ఎవరన్నార్రా?" అంది అమ్మ అనుమానంగా.

"నువ్వే అన్నావు" అన్నాను. జీవితంలో మొదటిసారి మా అమ్మకి నేను చెప్పిన శుద్ధ అబద్ధం అది.

అమ్మ నన్ను చూసింది, కోడల్ని చూసింది. "అన్నాను" అంది గట్టిగా. "పెట్టండి బాబూ సంతకం. ముందు నోరు తీపి చేసుకోండి."

పరాంకుశం గారు అనకాపల్లి బెల్లం పొట్లం విప్పి, అంత ఏరి కొన్న దిమ్మని స్టేషన్ గట్టుకేసి కొట్టి ముక్కలు చేశారు. అందరికీ పంచి, ఒక ముక్క బుగ్గన పెట్టుకుని, వేలితో సంతకం పెట్టారు. వేలికంటిన బెల్లం తెరకి కూడా అంటింది. ఇంటికి ఏం తీసుకెళతారని వకుళ అడిగితే, చేగోడీల డబ్బా ఇప్పించమన్నారు. నేను మర్నాడు ఆయన మొహానికి సరిపోయే ఫ్రేము ఒకటి పెట్టి పంపాను.

వారం తిరిగాక ఒక సాయంత్రం అమ్మ దీపం పెట్టి లేచింది. సరిగ్గా అప్పుడే ధాత్రి గిన్నెతో గుమ్మంలోకి వచ్చి, దీపం చూసి నాలిక కరుచుకుంది. "అయ్యో, మళ్ళీ ఆలస్యమైపోయిందండి పిన్నిగారూ. రేపు పొద్దున్న వస్తాలెండి."

"ఆగు" అంది అమ్మ. "ఆ గిన్నెలో ఏముంది?"

"కాచిన పాలండి. ఇక్కడే తోడేసుకుని పట్టుకెళదామని తెచ్చాను."

అమ్మ లోపలికెళ్ళి రెండు గిన్నెలు తెచ్చింది, ఒకటి పెరుగుది, ఒకటి మా పాలది. ముందు ధాత్రి గిన్నెలోంచి ఒక గరిటెడు పాలు మా గిన్నెలోకి ఒంపుకుంది. ఆ తరువాత పెరుగు గిన్నెలోంచి చెంచాడు తీసి ఆమె పాలలో వేసింది. హాల్లో కూర్చుని లెక్కలు రాసుకుంటున్న వకుళ పెన్ను ఆపి చూస్తోంది.

"అలా గుమ్మంలో నిలబడ్డావేమే?" అంది అమ్మ ధాత్రితో. "లోపలికి రా, టీ పెడతాను. తాగి ఇద్దరం ఒక్కసారే లేద్దాం."